నాలుగు కాగితాల వెడల్పు

జ్ఞానయ్య మాస్టరు పాటను పుస్తకంలో రాయలేదు.
నాలుగు కాగితాలు పక్కపక్కన పరిచి
మైదా గంజితో అంటించి రాసినాడు.
విప్పితే మూడడుగుల మీద బెత్తెడు.
"రెండు చేతులూ మెట్ల మీదుంటే
పేజీ ఎవురు తిప్పాల, మీ తాతనా?"
అనేవాడంట.

నా చేతికొచ్చేసరికి
అది మూడు మడతల పొట్లం.
ఎర్రగుంట్లలో స్టాండు యాడ దొరుకుతాది?
ప్రొద్దుటూరు పోయి తెచ్చుకున్నా,
మడిచే రకం, సన్నకాళ్ల కొంగ.
రెండు కాగితాలు మోసింది.
మిగతా రెండూ అటొకటి ఇటొకటి
వానకు తడిసిన కాకి రెక్కల మాదిరి
వేలాడినాయి.

మళ్లీ బస్సెక్కినా.
"పొడిగింపు రేకులుండాయమ్మా,
చెరొక నూటాయాభై" అన్నాడు కొట్టాయన.
తగిలించి ఫ్యానేసి చూసినాం.
ముందు వంగింది, దండం పెడతాండట్టు.
తర్వాత పడింది.
బట్టల క్లిప్పులు పెట్టి చూస్తే
క్లిప్పు కరిచిన చోట
పాట కనపడదు.

ఇంగ మడిచే వాయించినా.
ఆరేండ్లు.
రెండో కాగితం అయిపోతానే
ఎడమచెయ్యి ఎత్తి తిప్పుకునేదాన్ని.
ఆ రవ్వంత సేపు
కీబోర్డు ఒంటిచేత్తో నిలబడేది.

పగలు నాది నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీలో బిల్లుల పని.
లారీ నెంబరు, చదరపు అడుగులు, పగిలినవెన్ని.
పొద్దు తిరిగేసరికి
రాతిపిండికి తలవెంట్రుకలు నెరిసిపోతాయి,
ఇంటికి పోయి తలంటుకుంటే మళ్లీ వయసు.

రంపం కాడ ఖాజామొద్దీన్ అడిగినాడు.
"ఎంత బరువుంటాదిమా నీ పుస్తకం?"
"బరువేం లేదన్నా. వెడల్పే."
"పైన వెడల్పయితే
బరువు కింద పెట్టాల.
గొడుగు పట్టుకున్నోడు
కాళ్లు ఎడంగా పెట్టి నిలబడడా?"

మూల విరిగిన నల్లరాయి,
ఏ బిల్లులోకీ రాదు.
అడుగున్నర చదరం కోసి
నడుమ బెజ్జం వేసినాడు.
నీళ్లు పారతాంటే రంపం కింద రాయి అరిచింది.
"ఇదేం శ్రుతి, చెప్పు చూద్దాం" అని నవ్వినాడు.
నేను నిజంగానే విన్నా.
చెప్పలేకపోయినా.

మిగతాది వెల్డింగు ఓబులేసు.
కుళాయి పైపు కాలు,
పాత కిటికీ చట్రం వీపు.
కింద అంచు ఎంత పెట్టమంటావన్నాడు.
వేలు మందం, అంతకు మించొద్దు,
ఎక్కువైతే అడుగు వరస దాక్కుంటాది.
గాలికి? లాగుల ఎలాస్టిక్ రెండు మూరలు,
అడ్డంగా.
ఇద్దరు మోసి గుడిలోకి తెచ్చినారు.
పాస్టరు దాని కాలికి తగిలి
సైతానును తల్చుకోబోయి ఆపుకున్నాడు.

ఆదివారం.
నాలుగు కాగితాలూ
మొదటిసారి ఒకేపారి కళ్లు తెరిచినాయి.

అప్పుడు కనపడింది.
రెండో కాగితం చివర మొదలై
మడత దాటి మూడోదాని మీదికి
పెన్సిలు గీత ఒకటి,
వంగిన విల్లు మాదిరి.
దాని కింద చీమలంత అక్షరాలు:
"ఈడ ఊపిరి తియ్యొద్దు."

సరిగ్గా ఆడనే,
ఆరేండ్లుగా, వారం వారం,
నేను చెయ్యెత్తింది.

ఈసారి ఎత్తలేదు.
మడత మీద నుంచి
కాలువ దాటినట్టు దాటిపోయినా.
వెనక ఎవురూ లేరు.
సంఘమంతా ఆడ ఆగిపోయింది.
మార్తమ్మ ఆగింది, ఆయమ్మ మనవరాండ్లు ఆగినారు,
మొన్న బాప్తిస్మం తీసుకున్న డ్రైవరు కూడా
సరిగ్గా ఆడనే నోరు మూసినాడు.
నేను కాగితం తిప్పే సేపును
పాటనుకొని నేర్చుకున్నారు.
రెండు స్వరాలు ఒక్కదాన్నే పోయి
వెనక్కొచ్చి వాళ్లతో కలిసినా.

బయట చెప్పులేసుకుంటా
మార్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.
"ఈ పొద్దు తప్పినావేంది పాపా?
మాస్టరు యాడ ఆపమన్నాడో
ఆడ ఆపాల గదా."

స్టాండు బాగుంది. రాయి బాగుంది.
ఫ్యాను మూడులో పెట్టినా కదల్లేదు.

మళ్లీ ఆదివారం
రెండో కాగితం చివర
ఎడమచెయ్యి దానంతటదే లేచింది.
తిప్పేదానికి ఏమీ లేదు.
లేచిన చేత్తో
కళ్లద్దాలు సర్దుకున్నా.
వెనక అందరూ ఊపిరి తీసుకున్నారు.